చెమట చెప్పు సాక్ష్యము

కొన్నియేండ్ల క్రిందట మా యింట వెండి కుంకుమభరిణె కనబడకపోయినది. బీరువాతలుపుపై పసుపువ్రేళ్ల గుర్తు లుండెను. ఆ యుదయమున పసుపు దంచినది మా పనిమనిషి. అంతటితో మేము విచారణ ముగించి యామెను నిందించితిమి. “బీరువా తుడిచినాను గాని, భరిణె నే నెఱుగ నమ్మగారూ!” అని యామె యెంత మొఱపెట్టుకొన్నను వినమైతిమి. నాలుగుదినములకు భరిణె మా చిన్నదాని బొమ్మలపెట్టెలో దొరకెను. తలుపుపై గుర్తులు ఆమెవే. అందు సందేహము లేదు. మే మూహించిన నేరము మాత్ర మామెది కాదు.

ఇట్టి చిక్కే నేరపరిశోధనశాస్త్రమునందును గలదని యిటీవల చదివి, ఆ విషయము మీతో ముచ్చటింపదలచితిమి.

మన మే వస్తువును తాకినను, చర్మమునుండి రాలెడు సూక్ష్మకణములును చెమటయు దానిపై నిలుచును. చేత పట్టుకొనిన వస్తువులనుండి డి.ఎన్.ఏ. అను పదార్థమును తీసి, పట్టుకొనినవా రెవరో గుర్తింపవచ్చునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. కాని యొక మనిషి నెత్తుటను, ఉమ్మియందును, చర్మమునను ఉండు డి.ఎన్.ఏ. యొక్కటియే. కావున నది “ఎవరిది?” అను ప్రశ్నకు బదులు చెప్పునుగాని, “దేహమున నే భాగమునుండి వచ్చినది?” అను ప్రశ్నకు చెప్పజాలదు. తనపై జరిగిన దౌర్జన్యమును ఒక స్త్రీ న్యాయస్థానమున చెప్పుకొనునపుడు, ఆమె చీరచెఱగుపై నున్నది ఉమ్మియా, కేవలము చేతిస్పర్శయా యను భేదము ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ రెండవ ప్రశ్నకు తోడ్పడునదే ఆర్.ఎన్.ఏ. దానిని మన వంటయింటి పోలికతో తెలిసికొందము. పెండ్లివంటలు మొదలు పథ్యపువంటలవఱకు అన్నియు వ్రాసియుంచిన పెద్దపుస్తక మొకటి యింట నున్నదనుకొనుడు. అది డి.ఎన్.ఏ. ఆ దినమునకు వలసిన వంటను మాత్రమే చీటిపై నెత్తి వ్రాసికొందుము. ఆ చీటి ఆర్.ఎన్.ఏ. పుస్తకము దేహమం దంతటను ఒక్కటియే యైనను, చర్మమున వ్రాసికొను చీటి వేఱు, స్వేదగ్రంథులలో వ్రాసికొను చీటి వేఱు. చీటిని చదివినచో కణ మెచ్చటిదో తెలియును.

చెమటలో డెర్మ్‌సిడిన్ అను పదార్థ మొకటి గలదు. అది సూక్ష్మజీవులనుండి చర్మమును కాపాడునని 2001లో వెల్లడియైనది. దానిని తయారుచేయించు ఆర్.ఎన్.ఏ. చెమటకు గుర్తుగా నుపయోగపడుచున్నది. చర్మమును పోల్చుకొనుటకు ఎల్.సి.ఇ.1సి మొదలగు నైదు గుర్తులను అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి. ఒకే మరకనుండి డి.ఎన్.ఏ.ను, ఆర్.ఎన్.ఏ.ను గూడ తీయవచ్చును. లభించు ఆర్.ఎన్.ఏ. అత్యల్పము గనుక, దానిని ముందుగా డి.ఎన్.ఏ. రూపమునకు మార్చి, పిదప లక్షలాది ప్రతులుగా పెంచి పరీక్షింతురు. చర్మమునుండి రాలునవి చాలవఱకు నిర్జీవకణము లగుటచే, నెత్తుటిమరకకంటె తాకినగుర్తును పరీక్షించుట కష్టతరము.

ఇంత చేసినను మూడవ ప్రశ్న మిగిలియే యుండును: “ఆ కణ మచ్చటి కెట్లు చేరినది?” 2012 నవంబరులో కాలిఫోర్నియాయందు ఒక ధనికుడు తన గృహముననే హతుడయ్యెను. అతని గోళ్లపై మఱియొకని డి.ఎన్.ఏ. దొరకగా, వానిని హత్యానేరమున బంధించిరి. వాడు నెలలతరబడి చెఱలో నుండెను. తీరా చూడగా, హత్య జరిగిన రాత్రి వాడు మద్యపుమైకమున ఆసుపత్రిలో నుండెనని తేలినది. వానిని ఆసుపత్రికి చేర్చిన వైద్యసహాయకులే పిమ్మట హతుని పరీక్షించిరి! వారి చేతులనుండియో పనిముట్లనుండియో ఆ కణములు హతుని గోళ్లకు చేరినవని గ్రహించి, 2013లో వానిని విడిచిపుచ్చిరి. ఆ కణములు చర్మమునుండి వచ్చినవని ఆర్.ఎన్.ఏ. చెప్పినను వానికి విముక్తి కలిగియుండదు; ఆసుపత్రి లెక్కలను ఓపికతో వెదకిన మనుష్యులే వానిని రక్షించిరి.

శాస్త్రము చూపు గుర్తు నిజమైనదే కావచ్చును. దానినుండి మనము తీయు నర్థమే తప్పు కావచ్చును. భరిణె దొరకిన సాయంకాలమే మేము పనిమనిషి యింటికి బోయి క్షమాపణ వేడితిమి. ఆమె మమ్ము కూర్చుండబెట్టి మంచినీ రిచ్చినది గాని, మరల మా గడప త్రొక్కలేదు. ఆమె చెప్పిన మాటను ఒక్కమాఱు విచారించియుండినచో ఎంత బాగుండెడిదని నేటికిని తలచుచుందుము.