త్వరణమాపకంలో ఆఫ్‌సెట్ దోషం: గుర్తింపు, సవరణ

నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు వెళ్లే రసాలు దారిలో ఎంత కుదుపు తింటాయో కొలవాలని, ట్రే అడుగున ఒక త్వరణమాపకాన్ని, అంటే యాక్సిలరోమీటరును, బిగించారనుకోండి. ట్రే ఇంకా బల్ల మీదే ఉంది. అయినా ఎక్స్ అక్షం 0.062 జి చూపుతోంది. దీన్ని వెంటనే తీసివేయవచ్చా?

తొందరపడకండి. బల్ల ఒక్క డిగ్రీ వాలి ఉన్నా ఎక్స్ అక్షం 0.017 జి చూపుతుంది. అది దోషం కాదు, గురుత్వంలో ఒక భాగం. రెంటినీ వేరుచేయడానికి ట్రేను ఉన్నచోటే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చదవండి. ఇప్పుడు 0.028 జి వచ్చిందనుకుందాం. బల్ల వాలు గుర్తు మార్చుకుంటుంది, ఆఫ్‌సెట్ మార్చుకోదు. కాబట్టి రెండింటి సగటు 0.045 జి ఆఫ్‌సెట్. తేడాలో సగం 0.017 జి వాలు. సెన్సరు ట్రేలో వంకరగా కూర్చుంటే ఆ వంకర కూడా ఆఫ్‌సెట్‌లోనే కలిసిపోతుందని గమనించండి.

ఈ దోషం చూసి సెన్సరు పాడైందనుకోనక్కర్లేదు. ఎం.పి.యు.-6050 వంటి చిప్‌కు తయారీదారు ఎక్స్, వై అక్షాలపై 0.05 జి, జడ్ అక్షంపై 0.08 జి వరకు అటూఇటూ తేడాను అనుమతిస్తాడు. 3 జి కుదుపును లెక్కించేటప్పుడు 0.045 జి పెద్దగా బాధించదు. కానీ త్వరణం నుంచి స్థానాన్ని గణిస్తే, కదలని ట్రే 10 సెకన్లలో 22 మీటర్లు జరిగినట్టు లెక్క తేలుతుంది!

జడ్ అక్షం దగ్గరే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. మూడు అక్షాల సగటులూ తీసివేసి, నిశ్చలస్థితిలో జడ్‌ను కూడా సున్నా చేస్తారు. అక్కడ ఉండవలసింది 1 జి. దాన్ని చెరిపేస్తే, ట్రే చేజారి పడుతున్నప్పుడు సున్నాకు బదులు −1 జి కనిపిస్తుంది. సరైన పద్ధతి సెన్సరును బోర్లించి చూడటం. పైకి 1.03, కిందికి −0.95 వస్తే, ఆఫ్‌సెట్ 0.04 జి, సూక్ష్మగ్రాహ్యత 0.99.

సవరించాక కూడా దోషం తిరిగొస్తే మొదట మరలు చూడండి. బిగింపు ఒత్తిడికి ఆఫ్‌సెట్ మారుతుంది కనుక సవరణ బిగించిన తరువాతే చేయాలి. తరువాత ఉష్ణోగ్రత. ఉదయం గదిలో చేసిన సవరణ మే నెల మధ్యాహ్నం టార్పాలిన్ కింద నిలవదు. చిప్‌లోని ఉష్ణమాపక రీడింగును కూడా నమోదు చేయండి. లారీ నడుస్తున్నప్పుడు మాత్రమే సగటు జరుగుతుంటే, 2 జి పరిధిలో కుదుపుల శిఖరాలు ఒకవైపు తెగిపోతున్నాయేమో చూసి, పరిధిని 8 జికి పెంచండి.