పాఠశాలలలో ఆయుధనిషేధము: దండనయందు న్యాయము

పాఠశాలకు ఆయుధము తీసికొని రాగూడదనుటలో ఎవ్వరికిని భిన్నాభిప్రాయము లేదు. ఉదయమున బిడ్డను బడికి పంపిన తల్లి, సాయంకాలమునకు వాడు క్షేమముగా ఇల్లు చేరునని నమ్మియే పంపుచున్నది. ఆ నమ్మకమును నిలుపుట పాఠశాలాధికారుల ప్రథమధర్మము. కాని తెచ్చిన వస్తువెట్టిది, తెచ్చినవాని వయస్సెంత, ఉద్దేశమేమి అను విచారణ లేకయే అందఱికిని ఒకే దండన విధించుట న్యాయమా అనునది వేఱొక ప్రశ్న. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ ప్రశ్న ముప్పది సంవత్సరములకు పైగా చర్చింపబడుచున్నది. అచ్చటి అనుభవము విద్యార్థులకును, తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఉపయుక్తమగునని తలంచి సంగ్రహముగా వివరించుచున్నాము.

ఇట్టి పద్ధతికి అచ్చట 'జీరో టాలరెన్సు' అని పేరు. లేశమైనను సహింపమని దాని యర్థము. 1980 తరువాతి దశాబ్దమున మాదకద్రవ్యముల రవాణాను అరికట్టు అధికారులు ఈ మాటను వ్యాప్తిలోనికి తెచ్చిరి. ఓడలో అట్టి ద్రవ్యము ఎంత స్వల్పముగా దొరకినను ఓడనే స్వాధీనము చేసికొనుట వారి పద్ధతి. పిమ్మట ఈ భావము పాఠశాలలలో ప్రవేశించెను. 1994 వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు 'గన్ ఫ్రీ స్కూల్సు ఆక్టు' అను శాసనమును చేసెను. తుపాకిని బడికి తెచ్చిన విద్యార్థిని కనీసము ఒక సంవత్సరము బహిష్కరింపవలెనను చట్టము, కేంద్రప్రభుత్వపు విద్యాధనము పొందు ప్రతి రాష్ట్రమునందును ఉండవలెనని అందలి ముఖ్యాంశము.

ఇచట రెండు విషయములు గమనింపదగినవి. ఆ శాసనము తుపాకులు, బాంబులు మొదలగు వానిని గూర్చినదే కాని చిన్న చాకులను గూర్చినది కాదు. మఱియు ప్రతి సందర్భమును విడివిడిగా పరిశీలించి దండనను మార్చు అధికారమును స్థానిక విద్యాధికారికి ఆ శాసనమే యొసగినది. అట్లుండియు అనేక స్థానిక విద్యాసంఘములు తమ నియమములలో చాకులను, ఇతరవస్తువులను చేర్చి, విచారణకు గల అవకాశమును మాత్రము విడిచిపెట్టినవి. 1999 ఏప్రిల్ 20 వ తేదీని కొలరాడో రాష్ట్రమందలి కొలంబైన్ హైస్కూలులో ఇరువురు విద్యార్థులు తుపాకులతో 12 మంది తోటివిద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని చంపిరి. ఆ ఘోరకృత్యముతో ప్రజలలో భయము హెచ్చి, కఠిననియమములకు బలము చేకూరెను.

ఈ పద్ధతిని సమర్థించువారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. విచారణాధికారము అధికారిచేతిలో నున్నచో ధనవంతుని కుమారునకు మందలింపును, పేదవాని కుమారునకు బహిష్కారమును కలుగవచ్చును. నియమ మొకటియే యైనచో పక్షపాతమునకు తావుండదు. ఏమి జరుగునో ముందే తెలిసియుండుటచే బాలురును భయపడి మానుదురు. ఇదియే వారి వాదము. దీనిని జరిగిన సంగతులతో పోల్చి చూతము.

టెనెస్సీ రాష్ట్రమందలి నాక్సు కౌంటీలో 1996 లో ఒక విద్యార్థి నడిపివచ్చిన కారులో చాకు దొరకినది. అది అతని మిత్రునిది. అది కారులో నున్నట్లు తనకు తెలియదని ఆ విద్యార్థి చెప్పెను. అయినను అతనిని బహిష్కరించిరి. తెలిసియున్నను తెలియకున్నను దండన తప్పదని అధికారులు వాదించిరి. 2000 సంవత్సరమున అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును నిరాకరించి, తన యొద్ద ఆయుధమున్నదని ఎఱుగనివానిని ఆయుధము కలిగియున్నాడని దండించుట హేతుబద్ధము కాదని పలికెను.

డెలవేర్ రాష్ట్రమున 2009 లో ఆఱేండ్ల బాలుడు, చెంచాయు ముల్లుకత్తియు చాకును కలిసియున్న స్కౌటు పరికరమును, భోజనమునకు వాడుకొను ముచ్చటతో బడికి తెచ్చెను. దుర్వర్తనులైన పిల్లలకై ఏర్పరచిన వేఱొక పాఠశాలలో 45 దినములు గడుపవలెనని అతనికి దండన విధించిరి. ప్రజలు ఆక్షేపింపగా విద్యాసంఘము అంత చిన్నపిల్లల విషయమున దండనను తగ్గించి నియమమును సవరించెను.

మూడవది వీనికంటె విచారకరము. వర్జీనియా రాష్ట్రమందలి లౌడన్ కౌంటీలో 1999 లో ఒక బాలిక, తన పుస్తకములలో చాకున్నదని తోటి బాలునితో చెప్పెను. ఆమె అంతకుముందు ఆత్మహత్యను తలపెట్టినదని ఆ బాలు డెఱుగును. కావున ఆ చాకుతో కూడ పుస్తకములను తీసికొని తన పెట్టెలో భద్రపఱచెను. ఆమె మేలుకోరియే ఇట్లు చేసెనని అధికారులును అంగీకరించిరి. అయినను అతనిని మొదట పది దినములును, పిదప ఆ విద్యాకాలాంతము వఱకును బడినుండి తొలగించిరి. 2001 లో న్యాయస్థానము, అధికారులు తగిన విచారణపద్ధతిని పాటించిరనియు, దండన వివేకవంతమా కాదా యని తీర్పుచెప్పుట తమ పని కాదనియు పలికెను. అయినను న్యాయమూర్తులలో ఒకరు ఈ ఫలితమునకు తమ విచారమును ప్రత్యేకముగా వ్రాసిరి.

ఆ బాలుడు పెద్దలకు వెంటనే చెప్పియుండవలసినది, సందేహము లేదు. కాని అతనికి కలిగిన దండనను చూచిన తోటిపిల్లలు ఏమి నేర్చుకొందురు? 'నీకు తెలిసిన సంగతితో జోక్యము కలిగించుకొనకుము' అనియే కదా. 1974 మొదలు 2000 వఱకు అమెరికా పాఠశాలలలో జరిగిన 37 దాడులను ప్రభుత్వశాఖలు పరిశోధించి 2002 లో నివేదిక ప్రకటించినవి. ప్రతి ఐదింట నాలుగు సందర్భములలో దాడి చేయువాని తలంపు ముందుగనే మఱియొకరికైనను తెలిసియుండెనని అందువలన తేలినది. అట్లు తెలిసినవారు చాలవఱకు తోటి విద్యార్థులే. కావున బాలురు నమ్మకముతో వచ్చి చెప్పుటయే పాఠశాలకు గొప్ప రక్షణ. చెప్పవచ్చినవానికే భయము కలిగించు నియమము ఆ రక్షణను బలహీనపఱచును.

ఇక ఫలితముల సంగతి. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘము నియమించిన ఉపసంఘము ఈ పద్ధతిని పరిశీలించి, దీనిచే పాఠశాలలు మఱింత సురక్షితములైనట్లు నిదర్శనము లేదని 2008 లో ప్రకటించినది. పక్షపాతమును తొలగించునన్న ఆశయు నెఱవేఱలేదు. నల్లజాతి విద్యార్థులు తమ సంఖ్యకు మించిన నిష్పత్తిలోనే బడినుండి తొలగింపబడుచు వచ్చిరి.

అట్లయిన విచారణ జరుపుచు కూర్చున్నచో ప్రమాదము ముంచుకొని రాదా? 1975 లో అమెరికా సుప్రీముకోర్టు దీనికి చక్కని సమాధానము చూపినది. విద్యార్థిని కొలదిదినములు తొలగించుటకైనను అతని తప్పేమో తెలిపి, సాక్ష్యమును వివరించి, అతని మాట వినవలెను. ప్రమాద మున్నచో ముందు తొలగించి, ఆ వెంటనే విచారింపవచ్చును. అనగా రక్షణకు తొందర యుండవచ్చును. దండనకు తొందర యక్కఱలేదు.

పొరుగుదేశమైన కెనడాలో మఱియొక మార్గము కనబడినది. మాంట్రియల్ నగరమున ఒక సిక్కు బాలుడు మతధర్మముగా ధరించు కృపాణమును 2001 లో బడిలో జాఱవిడువగా వివాదము పుట్టెను. కఱ్ఱ ఒరలో నుంచి, బట్టతో చుట్టి కుట్టి, దుస్తుల లోపల ధరించునెడల అనుమతింపవచ్చునని ఆ దేశపు సుప్రీముకోర్టు 2006 లో నిర్ణయించెను. కత్తెరలును వృత్తలేఖినులును బడిలో నుండనే యున్నవి కదా యని కూడ ఆ న్యాయస్థానము గుర్తుచేసెను.

అనుభవముచే కొన్ని రాష్ట్రములు దారి మార్చుకొన్నవి. దండించుటకు ముందు ఆత్మరక్షణ, ఉద్దేశము, పూర్వప్రవర్తన మొదలగువానిని తలపవలెనని టెక్సస్ రాష్ట్రము 2009 లో శాసించెను. ఇల్లినాయ్ రాష్ట్రము 2015 లో, కేంద్రశాసనము కోరిన చోట తక్క, విచారణలేని నిర్బంధదండనలను పాఠశాలలు విధింపరాదని చట్టము చేసెను.

దీనినిబట్టి న్యాయమైన నియమ మెట్టిదో స్పష్టమగుచున్నది. ఆయుధమును వెంటనే స్వాధీనము చేసికొనుటలో మినహాయింపు ఉండరాదు. విచారించుటలోను మినహాయింపు ఉండరాదు. దండన మాత్రము ఉద్దేశమును, వయస్సును, కలిగిన అపాయమును అనుసరించి యుండవలెను. వైద్యుడు రోగులందఱిని పరీక్షించును. కాని అందఱికిని ఒకే మం దీయడు. సమానులు కానివారిని ఒకే దెబ్బ కొట్టుట సమత్వము కానేరదు.

విద్యార్థులారా! తోటివాని సంచిలో కత్తి కనబడినచో దానిని మీరు దాచకుడు, మౌనముగా నుండకుడు. తక్షణమే ఉపాధ్యాయునితో చెప్పుడు. తలిదండ్రులారా! పిల్లల సంచులను అప్పుడప్పుడు చూచుచుండుడు. ఉపాధ్యాయులగు మేము చేయవలసినదియు నొకటి కలదు: చెప్పవచ్చిన బాలుని మాటను కడవఱకు వినుట.