చలికాలపు జమాఖర్చు

ఏటేట మార్గశిరము ప్రవేశించుటతోడనే హూడిలోని తెలుగు గృహస్థుల ముఖములలో రెండు విధములైన భావములు పొడకట్టును. మొదటిది సంక్రాంతికి స్వగ్రామము చేరుదుమను సంతోషము. రెండవది ఈ రెండు నెలల వెచ్చము గడచుటెట్లను విచారము. సంతోషమును గూర్చి వ్రాయువారు పెక్కురు గలరు. మేము నేడు ఆ విచారమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

బెంగుళూరు నగరమునకు తూర్పున, కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డునకును నడుమ నున్న హూడి యొకప్పుడు చెఱువు ప్రక్కనున్న చిన్న గ్రామము. 1990వ దశకమున వైట్‌ఫీల్డులో సాంకేతికోద్యానము వెలసిన పిమ్మట దాని రూపు మాఱినది. 2007లో మహదేవపుర పురపాలకము బెంగుళూరు మహానగరపాలికలో విలీనమైనది. 2023లో మెట్రో రైలు వచ్చినది. కోలారు, చిక్కబళ్లాపురము, హొసకోట ప్రాంతములలో తరతరములుగ కాపురమున్న తెలుగువారు ఈ దెసకు క్రొత్తవారు కారు. వారికి తోడు కోస్తా జిల్లాలనుండి కంప్యూటరు కొలువులకు వచ్చినవారును, అనంతపురము, కర్నూలు, మహబూబునగరు జిల్లాలనుండి మేడలు కట్టు పనులకు వచ్చినవారును చేరినారు. ఒకరు పదునాల్గవ అంతస్తులో నుందురు, మఱియొకరు ఆ మేడ ప్రక్కన రేకుల గుడిసెలో నుందురు. ఇరువురును ఊరు విడిచి వచ్చిన కారణము మాత్ర మొక్కటియే. ఇచ్చట సంపాదించి, కొంత మిగిల్చి, ఊరి యప్పు తీర్చుటకో, తల్లిదండ్రుల మందులకో, బిడ్డల చదువులకో పంపవలెననియే వచ్చినారు. మిగులు లేనిచో ఈ వలసకు ఫలమేమి? కావున పొదుపనునది వీరి విషయమున సుగుణము మాత్రమే కాదు. ఇల్లు విడిచి వచ్చుటకు మూలమైన ప్రయోజనమే యది.

అయితే పొదుపనగా నేమియో ముందు నిశ్చయించుకొనవలెను. మన యిండ్లలో చిరకాలముగ నొక దురాచారము గలదు. ఖర్చు తగ్గింపవలెనన్నప్పుడు మొదట తఱుగునది ఇల్లాలి పళ్లెములోని కూరయే. అందఱును భుజించిన పిమ్మట మిగిలినదానితో నామె సరిపెట్టుకొనును. ఆమెకు జ్వరము వచ్చినచో కషాయముతో గడచును. ఇతరులకు వచ్చినచో వైద్యుడు వచ్చును. దీనిని పొదుపనుట భాషకే యపచారము. ఒకరి యాకలిని ఇంకొకరి జమలో వ్రాయుట జమాఖర్చుల లెక్క కాదు, దొంగలెక్క. కుటుంబమంతయు కలిసి దేనిని మానగలదో, దేనిని మానరాదో కూర్చుండి నిర్ణయించుకొనుటయే పొదుపని మా యభిప్రాయము.

ఈ దృష్టితో చలికాలపు ఖర్చులను పరిశీలింతము. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న బెంగుళూరులో పుష్యమాసపు ప్రాతఃకాలమున 15 డిగ్రీల చలి సామాన్యము. విజయవాడనుండి వచ్చినవానికి ఇది గట్టి చలియే. వేడినీరు లేక స్నానము చేయుడని మేము చెప్పబోము. కాని లెక్క యొకటి చూడవలెను. తొట్టిలోని నీరు 20 డిగ్రీలున్నదనుకొన్నచో, స్నానమునకు తగినట్లు 42 డిగ్రీలకు తెచ్చుటకు 18 లీటర్ల బకెట్టునకు అరయూనిట్టు కంటె కొంచెము తక్కువ విద్యుత్తు పట్టును. నల్గురున్న యింటికి నెలకు సుమారు 55 యూనిట్లగును. అదే నల్గురును షవరు క్రింద పదేసి నిమిషములు నిలిచినచో, నిమిషమునకు 8 లీటర్ల వంతున తలకు 80 లీటర్లు, రెండు యూనిట్లు. నెలకు సుమారు 245 యూనిట్లు! కర్ణాటక ప్రభుత్వము 2023లో ప్రవేశపెట్టిన గృహజ్యోతి పథకము ఇంటి సగటు వాడుకను బట్టి గరిష్ఠముగ 200 యూనిట్ల వఱకు ఉచిత విద్యుత్తు నిచ్చునది. వాడుక 200 దాటిన నెలలో బిల్లంతయు చెల్లింపవలసినదే. అనగా ఒక్క షవరుతోడనే ఆ సౌకర్యము సమసిపోవును. నీటిలోను దినమునకు 248 లీటర్ల వ్యత్యాసము గలదు. 2024 వేసవిలో ఇదే నగరమున ట్యాంకరు నీటికొఱకు జనులు పడిన పాట్లు ఎఱిగినవారికి ఈ యంకె విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. బకెట్టును చెంబును మన పెద్దలు విడిచిపెట్టలేదు, మనమే విడిచినాము. మిద్దెపై సూర్యరశ్మితో నీరు కాగు యంత్రమున్న యిండ్లవారు ఎండ యెక్కిన తరువాత స్నానము చేయగలిగినచో అంతకంటె లాభము లేదు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. చౌకగ వెచ్చదనము పొందవలెనని మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించు కుటుంబములు ఏటేట దేశమున బలియగుచునే యున్నవి. ఆ బొగ్గునుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రించువాడు మేల్కొనడు. బకెట్టులో ముంచెడి హీటరు కడ్డీ కూడ అట్టిదే. విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసిన పిమ్మటగాని నీటిలో చేయి పెట్టరాదు. ప్రాణము తీయు పొదుపు పొదుపు కాదు. మంచి కంబళి కొనుట దుబారా కాదు.

ఇక ఆహారము. చలికాలము ఖర్చు పెంచుననుట యర్ధసత్యము. ఈ ఋతువే చౌకగ పోషించునదియు నగును. కార్తికమాసపు కడపటి సోమవారమున బసవనగుడిలో సాగు వేరుసెనగ తిరునాళ్లతో నగరమునకు క్రొత్త కాయలు దిగును. మార్గశిర పుష్యములలో అనపకాయలు బండ్లకెత్తి వచ్చును. చిత్తూరు, అనంతపురము వారికి అనపగింజల పులుసును పితికిపప్పును పరిచయము చేయనక్కఱలేదు; కోస్తావారు ప్రక్కింటివారినడిగి నేర్చుకొనవచ్చును. గింజలు వలుచుట ఒక్క ఇల్లాలి పని కారాదు. రాత్రి భోజనమునకు ముందు పిల్లలును తండ్రియు కూర్చుండినచో అరగంటలో ముగియును. రాగుల కోత ఈ సీమలో నీ కాలముననే జరుగును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. బియ్యమున అది పది మిల్లీగ్రాములకు మించదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల వత్సరముగ ప్రకటించినప్పుడు లోకమునకు క్రొత్తగ తెలిసిన సంగతి రాయలసీమ రైతునకు సంగటి ముద్దలో ఏనాడో తెలిసినదే. పేదవాని తిండి యని యెవరు దానిని చిన్నచూపు చూచిరో వారే నేడు అందమైన పొట్లములలో దానిని రెండింతల ధరకు కొనుచున్నారు. సంతలో పిండిగ కొనుటకంటె ధాన్యముగ కొని మరపట్టించుకొనుట మేలు.

చలి వేయుచున్నదని పడకనుండి లేవక, టెలిఫోనులో నొక్కి పది నిమిషములలో ఉప్పును కొత్తిమీరను ఇంటికి రప్పించుకొను వాడుక యిపుడు ప్రబలినది. వస్తువు ధరకు తోడు చేర్పు రుసుమును, దానితో చేరు అక్కఱలేని తినుబండారములును కలిసి దినమునకు 50 రూపాయలైనచో, రెండు నెలలకు 3,000 రూపాయలగును. ఆ సొమ్ము పోయినట్లు ఎవరికిని తెలియదు. తెలిసి చేసిన ఖర్చు ఇంటిని ముంచదు. తెలియక కారునదే ముంచును.

సంక్రాంతి ప్రయాణము మూడవది. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు 60 దినముల ముందునుండి మాత్రమే చేయించుకొనవచ్చునని రైల్వేవారు నియమము మార్చినారు. కావున కాకినాడ పోవు శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు వంటి బండ్లను కృష్ణరాజపురమున నెక్కదలచినవారు నవంబరు నడిమి నాటికే మేల్కొనవలెను. జనవరిలో మేల్కొన్నవానికి ప్రైవేటు బస్సుల వారడిగినదే వెల. నగరములో తిరుగుటకు 2023 జూన్‌నుండి కర్ణాటక స్త్రీలకు సామాన్య బస్సులలో ప్రయాణము ఉచితమైనది. నివాసము నిరూపించు గుర్తింపు పత్రమున్న తెలుగు స్త్రీలును దానిని వినియోగించుకొనవచ్చును. ఇక ఊరు చేరిన పిమ్మట జరుగు నష్టమును గూర్చి గూడ చెప్పక తప్పదు. పదునొకండు నెలలు హూడిలో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును మూడు దినముల పండుగలో కోడిపందెముల బరిలో పోసి వచ్చువారు గోదావరి తీరమున లేకపోలేదు. చట్టము నిషేధించిన యీ పందెము మగవాని వేడుక. నష్టము మాత్రము కుటుంబమంతటిది. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఫీజుల సొమ్మేదియని యడుగు భార్యకు ఏమని బదులు చెప్పవలెను?

మిగిలిన సొమ్ము నెచ్చట నుంచవలెననుట తుదిప్రశ్న. మనవారికి చీటీలయందు మక్కువ. చీటీ చెడ్డది కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము దానిని గుర్తించినది, 2019 సవరణ నడపువాని కమీషను 7 శాతమునకు మించరాదన్నది. కాని పరిచయమే పూచీగ, కాగితము లేక, వీథిలో నడచు చీటీ చట్టము నీడలో లేదు. నడపువాడు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసినచో ఎవరినడుగుదురు? పరాయియూరిలో నున్నవారికి ఈ జాగ్రత్త మఱింత యవసరము. తపాలా కార్యాలయమున నెలకు 100 రూపాయలతో ఐదేండ్ల ఆర్.డి. ఖాతా తెఱవవచ్చును. నెలకు 1,000 కట్టినచో వడ్డీ గాక 60,000 నిలుచును. ఆశ చూపదు, మోసమును చేయదు.

ఆ ఖాతా ఎవరి పేరనుండవలెను? ఇల్లాలి పేరననియే మేము చెప్పుదుము. మన తల్లులు పోపులపెట్టెలో దాచిన నోట్లను 2016 నవంబరులో 500, 1,000 రూపాయల నోట్లు రద్దైన నాడు భర్తల యెదుట వెలికి తీయవలసివచ్చినది. ఆ దాపరికమును చూచి నవ్వినవారు గలరు. కాని బహిరంగముగ దాచుకొను హక్కు లేనందుననే గదా ఆమె రహస్యముగ దాచినది! ఈ హక్కు చేజిక్కినపుడు మన స్త్రీలు ఏమి చేయగలరో నెల్లూరు జిల్లా చూపినది. 1990వ దశకపు తొలినాళ్లలో దూబగుంట మొదలుగాగల గ్రామముల స్త్రీలు సారాయంగళ్లను మూయించినారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది. సారాకు పోవు సొమ్ము ఇంట నిలిచినంతట దినమునకొక రూపాయి వంతున దాచి పొదుపులక్ష్మి సంఘములు నెలకొల్పుకొన్నారు. చదువురాని కూలితల్లులు చేసిన యీ పనిని, జీతమెంతో బ్యాంకువారు క్షణములో టెలిఫోనుకు తెలుపుచున్న యీ కాలపు గృహస్థులు చేయలేరా?

చేయుటకు కావలసినది ఒక పద్దుపుస్తకము. జపానులో హని మొటోకో యను స్త్రీ, పత్రికా రచయిత్రి, 1904లో ఇంటి లెక్కల పుస్తకమొకటి రూపొందించి ప్రకటించినది. ఆ దేశపు గృహములలో నేటికిని ఆ యలవాటు నిలిచియున్నది. మన తాతలును చిట్టా వ్రాసినవారే. ఆదివారము సాయంకాలము భార్యాభర్తలును, పదేండ్లు దాటిన పిల్లలును కూర్చుండి ఆ వారపు ఖర్చును చదువుకొనవలెను. పెద్దల ఖర్చును గూడ ప్రశ్నించు స్వేచ్ఛ పిల్లలకుండవలెను. తండ్రి సిగరెట్లకైన వ్యయము పుస్తకమున లేక, అమ్మాయి గాజులకైనది మాత్రమున్నచో, ఆ పుస్తకమును మూసివేయుటయే మంచిది.

తుదకొక మాట. పొదుపు బోధ అందఱికి సమానముగ వర్తింపదు. రేకుల గుడిసెలో చలికి ముడుచుకొను కూలికి, తగ్గించుకొనుటకు మిగిలినదేమున్నది? అతనికి కావలసినది ఉపన్యాసము కాదు. వారమునకు వారము సక్రమముగ చేతికందు కూలి, గాలి చొఱని గోడ, బిడ్డకొక కంబళి. మేడలో నుండువారు తమ పొదుపును పనిమనిషి జీతములో కోతగను, తోపుడుబండి వానితో ఐదు రూపాయల పేచీగను చేయరాదు. మన యింటి లెక్క సరిచూచుకొనునపుడు ఆ లెక్క మూలమున వేఱొకరి యిల్లు చలికి విడువబడినదా యనియు చూచుకొనవలెను. అట్లు చూచుకొన్న కుటుంబము ఉగాది నాటికి కొలదిగనే మిగిల్చినను, ఆ మిగులు నిజముగ దానిదే.