వియన్నా: చిత్రశాల, కాఫీశాల

నగరాన్ని చూడడం వేరు. నగరంలో కూర్చోవడం వేరు. ఆస్ట్రియా రాజధాని వియన్నా ఈ రెండవ విద్యను యాత్రికునికి నేర్పుతుంది. అందుకు అక్కడ రెండు పాఠశాలలు ఉన్నవి. ఒకటి చిత్రశాల, రెండవది కాఫీశాల.

పూర్వపు కోటగోడలను పడగొట్టి వేసిన రింగ్ వీధిలో, ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి కట్టించిన కళాచరిత్ర ప్రదర్శనశాల 1891లో ప్రారంభమైనది. హాప్స్‌బర్గ్ రాజవంశం తరతరాలుగా కూడబెట్టిన చిత్రసంపద అందులో ఉన్నది. అంతటినీ ఒక్క పూటలో చూడబూనినవానికి కాళ్ళనొప్పులే మిగులుతవి. వివేకి అయినవాడు పీటర్ బ్రూగెల్ చిత్రాల గదికి పోయి, 1565లో ఆయన రచించిన ‘మంచులో వేటగాండ్రు’ ఎదుట నిలుస్తాడు.

మొదటి చూపునకు ముగ్గురు వేటగాండ్రు, తలలు వాల్చిన కుక్కలు కనిపిస్తవి. రెండవ చూపునకు వారి వేటఫలం తెలియవస్తుంది: ఒక్క బక్క నక్క! ప్రక్కనున్న పూటకూటింటి పలక ఒకే కొక్కెమునకు వ్రేలాడుతున్నది. తరువాత చూపు లోయలోనికి దిగుతుంది. అక్కడ గడ్డకట్టిన మడుగులపై చీమలంతటి మనుష్యులు ఆడుకొంటున్నారు. ఒకరి అలసట, మరొకరి ఉల్లాసం ఒకే చలిలో ఇమిడినవి. తొందరపడువానికి ఈ చిత్రం మంచు మాత్రమే చూపుతుంది.

ఈ నిదానమే కాఫీశాలలోనూ కావలెను. ప్రదర్శనశాల గుమ్మటం క్రిందనే ఒకటి ఉన్నది. ఊరిలో 1876 నాటి కఫే సెంట్రల్ మరింత ప్రసిద్ధం. పాలనురుగుతో కూడిన ‘మెలాంజ్’ కాఫీ, దాని ప్రక్క గ్లాసెడు మంచినీరు పళ్ళెములో వస్తవి. కర్రచట్రానికి బిగించిన వార్తాపత్రికలు అందుబాటులో ఉంటవి. ఒక్క కప్పు కాఫీతో ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవారు లేరు. పీటర్ ఆల్టెన్‌బర్గ్ అనే రచయిత తన చిరునామాగా ఈ కాఫీశాలనే ఇచ్చేవాడు. ఆయన బొమ్మ నేటికీ ద్వారం దగ్గర కూర్చుని ఉన్నది. కప్పు కాఫీ వెల చెల్లించిన ఎవరికైనా ప్రవేశం గల ప్రజాస్వామిక సభగా కాఫీశాలను స్టెఫాన్ జ్వైగ్ తన ఆత్మకథలో వర్ణించినాడు.

కాని ఆ ‘ఎవరికైనా’ అన్న మాట 1938లో అబద్ధమైనది. ఆ మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించినవి. యూదుల కాఫీశాలలు అపహరింపబడినవి. ఆ బల్లల చుట్టూ చేరిన రచయితలు, వైద్యులు, విద్యార్థులు దేశాలు పట్టిపోయినారు. పోలేకపోయినవారిలో పెక్కుమంది హతులైనారు. 1934లోనే దేశం విడిచిన జ్వైగ్ 1942లో బ్రెజిల్‌లో ప్రాణత్యాగం చేసికొన్నాడు.

చిత్రశాలకూ ఆ పాపం అంటినది. గుస్తావ్ క్లిమ్ట్ 1907లో చిత్రించిన అడేలె బ్లాఖ్-బావర్ రూపచిత్రాన్ని నాజీలు ఆమె భర్త నుండి కాజేసినారు. అది చాలకాలం బెల్వెడేర్ ప్రాసాదంలో వ్రేలాడినది. వారసులు పోరాడగా మధ్యవర్తుల తీర్పు ననుసరించి 2006లో ఆస్ట్రియా దానిని వారికి అప్పగించినది. అది నేడు న్యూయార్క్‌లో ఉన్నది.

2011లో ఆస్ట్రియా వియన్నా కాఫీశాలల సంస్కృతిని తన వారసత్వసంపదల జాబితాలో చేర్చినది. న్యాయమే. అయితే కాఫీ పరిమళమూ, పాలరాతి బల్లలూ మాత్రమే సంస్కృతి కావు. ప్రక్కకుర్చీలో ఎవరు కూర్చున్నా అభ్యంతరం లేకపోవడమే దాని ప్రాణం. బ్రూగెల్ చిత్రంలో ఒక్క నక్కను వెదకి పట్టుకొన్న కన్ను, కిక్కిరిసిన కాఫీశాలలో లేనివారిని కూడ గుర్తింపగలిగితే ఆ యాత్ర సఫలమైనట్లే.