మీకు తెలుసా? బంతి నుంచి బర్గర్ల వ్యాపారానికి
లూయివిల్ విశ్వవిద్యాలయ జట్టుతో 1975లో ఫైనల్ ఫోర్‌కు, అనగా అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీల్లో చివరి నాలుగు జట్లు తలపడే దశకు చేరిన జూనియర్ బ్రిడ్జ్‌మన్ (1953–2025)ను వృత్తి బాస్కెట్‌బాల్ జట్టు లేకర్స్ ఎంపిక చేసుకొని, ఒక్క ఆటా ఆడించకుండానే, ప్రఖ్యాత ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ను దక్కించుకునే ఒప్పందంలో భాగంగా మిల్వాకీ బక్స్ జట్టుకు పంపింది. క్రీడాచరిత్ర ఆయనను ఎక్కువగా ఈ మార్పిడితోనే గుర్తుపెట్టుకున్నా, ఆయన అసలు ప్రతిభ వ్యాపార నిర్వహణలో వెల్లడైందనడం సమంజసం. బర్గర్లు అమ్మే వెండీస్ రెస్టారెంట్లను ఫ్రాంచైజీ పద్ధతిలో, అనగా మాతృసంస్థకు రుసుము చెల్లించి దాని పేరుతో నడిపే హక్కు పొంది, క్రమంగా వందకు పైగా విస్తరించిన ఆయన, 2016లో వాటిని విక్రయించి కోకాకోలా బాట్లింగ్ రంగంలో ప్రవేశించారు. ఆఫ్రికన్ అమెరికన్ల ప్రసిద్ధ పత్రికలు ఎబొనీ, జెట్‌లను సైతం 2020లో కొనుగోలు చేశారు.