మంద బలం తల్లి గొర్రెలో ఉంది

విశాఖపట్నం అనగానే మీకు ఓడరేవు, ఉక్కు కర్మాగారం, డాల్ఫిన్స్ నోస్ కొండ గుర్తుకు వస్తాయి. గొర్రెలు గుర్తుకు రావు! కాని నగరం దాటి ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు వెళ్ళి చూడండి. కోతలయిన వరిమళ్ళలోను, చెరువుగట్ల వెంబడి, కొండల అంచుల్లోను గొర్రెల మందలు మేస్తూ కనబడతాయి. 2019లో జరిగిన పశుగణన ప్రకారం మన దేశంలో సుమారు 7 కోట్ల 43 లక్షల గొర్రెలు ఉన్నాయి. వాటిలో దాదాపు సగం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోనే ఉన్నాయంటే ఆశ్చర్యంగా లేదూ?

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమయింది. నగరం పెరిగిన కొద్దీ రోడ్లు, కర్మాగారాలు, ఇళ్ళ స్థలాలు వచ్చిన చోటల్లా గొర్రెలు మేసే బీళ్ళు తగ్గాయి. మేత తగ్గినప్పుడు కాపరి మందను ఇష్టం వచ్చినంత పెంచలేడు గదా! మరి అతని కుటుంబం గడిచేదెలా? ఉన్న గొర్రెల నుంచే ఎక్కువ పిల్లలను దక్కించుకోవాలి. ఇందుకు విజ్ఞానశాస్త్రం ఎలా సాయపడుతుందో చూద్దాం.

ఒక చిన్న లెక్క

ఒక మందలో 100 తల్లి గొర్రెలు ఉన్నాయనుకోండి. వాటిలో 10 చూలు కట్టలేదు. మిగిలిన 90 గొర్రెలు ఒక్కొక్క పిల్లను ఈనాయి. వాటిలో 20 పిల్లలు చనిపోయాయి. మిగిలినవి 70.

మరొక మందలో 80 గొర్రెలే ఉన్నాయి. 76 గొర్రెలు ఈనాయి. ఆరు పిల్లలు మాత్రమే చనిపోయాయి. ఇక్కడ కూడా మిగిలినవి 70! మొదటి కాపరి 20 గొర్రెలను అదనంగా మేపినా అతనికి కలిగిన లాభం ఏమీ లేదు. కనుక మంద బలాన్ని తలలు లెక్కపెట్టి కాక, బతికి బట్టకట్టిన పిల్లలను లెక్కపెట్టి తెలుసుకోవాలి.

ఏ గొర్రెను ఉంచాలి?

గొర్రెకు పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. సుమారు ఏడాది, ఏడాదిన్నర వయస్సులో పాలపళ్ళు రెండు ఊడి, రెండు పెద్ద పళ్ళు వస్తాయి. తరువాత సుమారుగా ఏడాదికొక జత చొప్పున మారి, నాలుగేళ్ళకు ఎనిమిదీ పూర్తవుతాయి. కాపరులు "రెండు పళ్ళ గొర్రె", "నాలుగు పళ్ళ గొర్రె" అని వయస్సు చెప్పేది ఇందుకే. పళ్ళు అరిగి, విరిగిన గొర్రె పొట్టి గడ్డిని కొరకలేదు. కడుపు నిండనిది పిల్లకేమి పాలిస్తుంది? అటువంటి వాటిని, పొదుగు గట్టిపడినవాటిని, వరుసగా చూలు కట్టనివాటిని మంద నుంచి ఏరివేయాలి.

పొట్టేలు విషయంలో ఒక తిరకాసు ఉంది. మందలో అందరికంటె ఏపుగా పెరిగిన పోతుపిల్లకు మంచి ధర వస్తుంది. అందువల్ల దానినే ముందుగా అమ్మేస్తారు. చివరకు మందలో మిగిలే నాసిరకం పిల్లే తరువాతి తరానికి తండ్రి అవుతుంది! ఇలా కొన్నేళ్ళు జరిగితే మంద మొత్తం చిన్నబోతుంది. అందుచేత మంచి పిల్లను పొట్టేలుగా పెంచుకోవాలి. 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. అయితే దాని కూతుళ్ళు ఎదకు వచ్చే లోపల, అంటే సుమారు రెండేళ్ళకొకసారి, పొట్టేలును మార్చాలి. దగ్గర రక్తసంబంధం కలిస్తే పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి.

మూడు ముఖ్యమైన సమయాలు

గొర్రె సుమారు 17 రోజులకొకసారి ఎదకు వస్తుంది. చూలు కట్టిన తరువాత దాదాపు 150 రోజులకు ఈనుతుంది. ఈ కాలమంతటిలో మూడు సమయాలు కీలకమైనవి.

మొదటిది, పొట్టేలును కలపడానికి ముందు మూడు వారాలు. అప్పుడు రోజుకు పావుకిలో దాకా దాణా పెడితే బక్కచిక్కిన గొర్రెలు పుంజుకొంటాయి. అండాలు బాగా విడుదలవుతాయి. గొర్రె బలాన్ని కంటితో చూసి చెప్పలేము, పైనున్న బొచ్చు మోసం చేస్తుంది. నడుము మీద చెయ్యి వేసి చూడాలి. వెన్నెముక మొనలు రంపపు పళ్ళలా తగిలితే గొర్రె చిక్కిపోయినట్లు. అసలు తగలకపోతే కొవ్వు పట్టినట్లు. ఈ పద్ధతికి అంకెలు వేసి, 1961లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో జెఫరీస్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు.

రెండవది, ఈనడానికి ముందు ఆరు వారాలు. కడుపులోని పిల్ల బరువులో మూడింట రెండు వంతులు ఈ ఆరు వారాల్లోనే పెరుగుతుంది! పిల్ల పెరిగిన కొద్దీ తల్లి పొట్టలో మేతకు చోటు తగ్గుతుంది. అవసరమేమో ఎక్కువ, పట్టేదేమో తక్కువ. అందుకే కొద్ది మోతాదులో ఎక్కువ బలమిచ్చే తవుడు, వేరుశనగ చెక్క, మొక్కజొన్న వంటి దాణా కావాలి. లేకపోతే తల్లి తన ఒంటి కొవ్వునే కరిగించుకొని జబ్బుపడుతుంది. కవలలు మోసే గొర్రెకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

విశాఖ ప్రాంతంలో దీనిని వానలతో ముడిపెట్టి చూడండి. జులైలో చూలు కట్టిన గొర్రె డిసెంబరులో ఈనుతుంది. చివరి ఆరు వారాలు వానల వెనుక వచ్చిన పచ్చికలో గడుస్తాయి. ఈనిన తరువాత కోతలయిన వరిమళ్ళు మేతకు దొరుకుతాయి. జనవరిలో చూలు కట్టినదో? దాని చివరి వారాలు మే నెల ఎండల్లో పడతాయి! బీళ్ళలో గడ్డిపరక ఉండదు. అప్పుడు ఇంటి దగ్గర దాణా తప్పనిసరి.

మూడవది, పిల్ల పుట్టిన మొదటి రోజు. మనిషికి రోగనిరోధక శక్తి కొంత తల్లి కడుపులోనే అందుతుంది. గొర్రెపిల్లకు అలా అందదు, అది ఉత్త చేతులతో పుడుతుంది! ఆ శక్తి అంతా మొదట వచ్చే ముర్రుపాలలో ఉంటుంది. పిల్ల పేగు ఆ రక్షక పదార్థాలను ఉన్నవి ఉన్నట్లుగా పీల్చుకోగలిగేది సుమారు ఒక్క రోజే. గంట, రెండు గంటలలోపు మొదటి గుక్క తాగాలి. "ముర్రుపాలు మంచివి కావు" అని పిండి పారబోయడం ఎంత తప్పో చూశారా?

ఈనడానికి మూడు, నాలుగు వారాల ముందు తల్లికి చిటుకు రోగం టీకా వేయిస్తే, ఆ రక్షణ కూడా ముర్రుపాల ద్వారా పిల్లకు చేరుతుంది. ఒక్క టీకా, రెండు ప్రాణాలు! ఇక నీళ్ళు నిలిచే పల్లపు చోట్ల నత్తల ద్వారా కాలేయపు జలగలు వ్యాపిస్తాయి. అక్కడ మేపకూడదు. పశువైద్యుని సలహాపై నట్టల మందు తాగించాలి.

కవలలు కావాలా?

బెంగాల్ సుందరవనాలలో గారోల్ అనే పొట్టి జాతి గొర్రె ఉంది. అది తరచుగా కవలలను ఈనుతుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2001లో గుర్తించారు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబకర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు దానిని మన దక్కనీ గొర్రెలలోకి తెచ్చారు. కాని జన్యువు పిల్లలను ఇస్తుందే కాని, వాటికి పాలు ఇవ్వదు! తల్లికి మేత లేకపోతే రెండు పిల్లలూ దక్కవు.

మీ ఊళ్ళో గొర్రెల మంద ఉంటే, కాపరి మామయ్యను మూడు ప్రశ్నలు అడగండి. నిరుడు తల్లి గొర్రెలు ఎన్ని? ఈనిన పిల్లలు ఎన్ని? మూడు నెలలు నిండేసరికి బతికినవి ఎన్ని? నోటుపుస్తకంలో రాసుకొని నూటికి ఎంతో లెక్కకట్టండి. పిల్లలు ఎక్కడ తగ్గిపోతున్నాయో ఆ మూడు అంకెలే చెబుతాయి. ఆ లెక్కను మామయ్యకు కూడా చూపించడం మరచిపోకండి!