మల్లెను మేల్కొలిపే వేరు: జొన్న, పొగాకు పంటలలో స్ట్రైగోలాక్టోన్ల పాత్ర

కీలకపదాలు: జొన్నమల్లె, పొగాకు మల్లె, స్ట్రైగోలాక్టోన్లు, వరి మాగాణి జొన్న, ఎర పంట.

తెలుగు రైతు మల్లె అన్నప్పుడు ప్రతిసారీ పూలతీగను ఉద్దేశించడు. జొన్న వేళ్లను పట్టి బ్రతికే స్ట్రైగాను జొన్నమల్లె అనీ, పొగాకు వేళ్లపై మొలిచే ఒరోబాంకీని పొగాకు మల్లె అనీ వ్యవహరిస్తారు. మొదటిదానికి పచ్చని ఆకులున్నా నీరూ లవణాలూ జొన్న నుంచే గుంజుకుంటుంది. రెండవదానిలో పత్రహరితమే లేదు. ప్రకాశం బ్యారేజి కాలువల కింద, తెనాలి, బాపట్ల ప్రాంతాలలో సార్వా వరి కోసిన మాగాణిలో దున్నకుండానే జొన్న విత్తే పద్ధతి నెలకొన్నందున, ఈ వేరుపరాన్నాల రసాయనశాస్త్రం కృష్ణా డెల్టాకు దూరపు విషయం కాదు.

జొన్నమల్లె విత్తనం ధూళి వంటిది. ఒక్క మొక్క వేలాదిగా రాల్చగలదు. అవి నేలలో పదేళ్లకు పైగా జీవించగలవు. మొలిచిన కొద్ది రోజులలో వేరు అందకపోతే మొలక నశిస్తుంది. కనుక తడి తగిలినంత మాత్రాన విత్తనం మొలవదు. వేరు స్రవించే రసాయన సంకేతం కోసం వేచి ఉంటుంది. ఆ సంకేతాలలో ముఖ్యమైనవి స్ట్రైగోలాక్టోన్లు. వీటిలో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ల స్రావం నుంచి వేరుచేశారు. విచిత్రమేమంటే పత్తిపై స్ట్రైగా బ్రతకలేదు.

శత్రువును పిలిచే పదార్థాన్ని మొక్క ఎందుకు తయారుచేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం 2005లో జపాన్ శాస్త్రజ్ఞుల పరిశోధనలో లభించింది. వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాన్ని ఆహ్వానించేది ఈ పదార్థమే. కొమ్మలు వేయడాన్ని నియంత్రించే హార్మోను కూడా ఇదేనని 2008లో తేలింది. భాస్వరం కొరవడిన నేలలో మొక్క దీనిని ఎక్కువగా స్రవిస్తుంది. మిత్రునికి పంపిన కబురు పరాన్నానికీ చేరుతుంది. కాబట్టి స్రావాన్ని పూర్తిగా ఆపివేయడం పంటకు మేలు కాదు.

కొన్ని జొన్న రకాలు ఈ చిక్కును తమంతట తామే విడదీసుకున్నాయి. వాటిలో ఎల్‌జీఎస్1 అనే జన్యువు పనిచేయదు. ఫలితంగా 5-డీఆక్సీస్ట్రైగాల్ స్థానంలో ప్రధానంగా ఒరోబాంకాల్ వెలువడుతుంది. దానికి స్ట్రైగా విత్తనం అంతగా స్పందించదు. ఈ సంగతి 2017లో వెల్లడైంది. భారతీయ దుర్రా జొన్న ఎన్-13 మార్గం వేరు. మల్లె మొలకెత్తినా, గట్టిపడిన కణకవచాలు దానిని వేరు లోపలికి చొరనివ్వవు. సూడాన్ పరిశోధకులు ఈ నిరోధకతను తమ జొన్న రకాలలోకి తెచ్చుకున్నారు.

ఒరోబాంకాల్ పేరులోనే ఒక హెచ్చరిక ఉన్నది: స్ట్రైగాను అంతగా కదిలించని ఆ పదార్థం ఒరోబాంకీ జాతులను మేల్కొలపగలదు. అయితే జొన్న పొగాకు మల్లెకు ఆతిథేయి కాదు. పొగాకు భూములలో జొన్న, నువ్వు, మినుము, పెసరలను ఎర పంటలుగా వేయడంలోని తర్కం ఇదే. వాటి వేళ్ల పిలుపుకు మొలిచిన మల్లె ఆధారం దొరకక చనిపోతుంది. వరి తరువాత మినుము, పెసర వేయడం డెల్టా రైతుకు క్రొత్త కాదు. పొగాకు పండే మెట్ట భూములలో మాత్రం ఎర పంటకు ఒక కారును వదులుకోవలసి వస్తుంది. ఒక్క కారుతో విత్తనాల నిల్వ తీరదు. నేలపైకి వచ్చిన మల్లెను గింజ కట్టకముందే పీకి, గట్టున పడవేయక కాల్చివేయడం అప్పటికీ అవసరమే.